పసిఫిక్ యుద్ధం: ఓడలు, చమురు, బియ్యం

రెండవ ప్రపంచయుద్ధం అనగానే మనలో చాలామందికి ముందు హిట్లరు, తర్వాత హిరోషిమా గుర్తుకొస్తాయి. వీటి నడుమ 1941 డిసెంబరు నుంచి 1945 ఆగస్టు దాకా పసిఫిక్ మహాసముద్రం మీద జరిగిన యుద్ధాన్ని మనం హైస్కూల్లో మూడు వాక్యాల్లో చదివి దాటేశాం. జపాను పెరల్ హార్బరుపై దాడి చేసెను. అమెరికా అణుబాంబు వేసెను. జపాను లొంగిపోయెను. మొదటి వాక్యానికీ రెండవ వాక్యానికీ మధ్య మూడేళ్ళ ఎనిమిది నెలల కాలమూ, లక్షలాది ప్రాణాలూ ఉన్నాయి. సైన్సు గ్రూపు వాడికి చరిత్ర గొడవ దేనికని మిత్రులు అనవచ్చు. కాని ఈ యుద్ధం చాలామటుకు లెక్కల వ్యవహారం. దూరం లెక్క, చమురు లెక్క, బియ్యం లెక్క. ఆ మూడో లెక్క మాత్రం వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టినవాడికి కాస్త త్వరగా బోధపడుతుంది. నాట్లకు కూలీలను పిలిస్తే మా ఇంట్లో మొదట అడిగేది "ఎంతమందికి వండాలి?" అనే.

ముందు దూరం సంగతి చూద్దాం. పసిఫిక్ మహాసముద్రం భూగోళం పైభాగంలో దాదాపు మూడోవంతు. మన దేశం వంటివి యాభై అందులో పడతాయి. టోక్యో నుంచి హవాయికి ఆరువేల కిలోమీటర్ల పైమాటే. మధ్యలో ఉన్నవి చల్లిన గింజల్లాంటి దీవులు. వాటిలో చాలావాటిలో నది లేదు, పొలం లేదు, ఫ్యాక్టరీ అసలే లేదు. అక్కడ పదివేలమంది సైనికులను దించితే వాళ్ళు తినే ప్రతి ముద్దా, పేల్చే ప్రతి తూటా ఓడలో రావలసిందే.

అటువంటి చోట యుద్ధానికి జపాను ఎందుకు దిగింది? చైనాలో 1937 నుంచి అది యుద్ధం సాగిస్తూనే ఉంది. కాని దానికి స్వంత చమురు లేదు. వాడుకునే చమురులో ఎక్కువ భాగం అమెరికా నుంచే కొనేది. 1941 జూలైలో జపాను సైన్యాలు దక్షిణ ఇండోచైనాలో అడుగుపెట్టగానే అమెరికా ఆ చమురు ఆపేసింది. ఇక మిగిలినవి రెండే దారులు: చైనా నుంచి వెనక్కి రావడం, లేదా డచ్చివాళ్ళ చేతిలో ఉన్న సుమత్రా, బోర్నియో చమురు బావులను బలవంతాన తీసుకోవడం. జపాను రెండవ దారి పట్టింది. ఆ దారిలో అమెరికా నౌకాదళం అడ్డు రాకుండా ఉండడానికే డిసెంబరు 7న హవాయి దీవుల్లోని పెరల్ హార్బరు మీద దాడి. సుమారు 2,400 మంది అమెరికన్లు చనిపోయారు. అక్కడున్న ఎనిమిది యుద్ధనౌకలూ దెబ్బతిన్నాయి. అయితే విమానవాహక నౌకలు ఆ రోజు రేవులో లేవు. మరో చిత్రమేమిటంటే, చమురు కోసం మొదలుపెట్టిన యుద్ధంలో తొలిదెబ్బ కొట్టినవాళ్ళు ఒడ్డునే ఉన్న శత్రువు చమురు ట్యాంకుల జోలికి పోలేదు!

తర్వాతి ఆరు నెలలూ జపానుకు ఎదురులేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను పడిపోయాయి. సింగపూరులో లొంగిన సైన్యంలో సగం మనవాళ్ళే. రంగూను రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళు వేలాదిమంది, మిగతా భారతీయులతో కలిసి, అరకాను దారినీ అస్సాం కొండల దారినీ కాలినడకన తిరిగి వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్ళకు లెక్క లేదు. ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక మీది నుంచి లేచిన విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నష్టం పెద్దది కాదు గాని భయం పెద్దది. జనం ఊళ్ళు ఖాళీచేసి పల్లెలు పట్టారు. ఎక్కడి పసిఫిక్, ఎక్కడి కాకినాడ!

యుద్ధం మలుపు తిరిగింది మిడ్వే దగ్గర. ఈ కథ చాలామందికి తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాను. జపాను నౌకాదళం రహస్యలిపిని అమెరికన్లు కొంత విప్పగలిగారు. "ఏఎఫ్" అనే చోట దాడి జరగబోతోందని తెలిసింది గాని ఏఎఫ్ అంటే ఎక్కడో రూఢిగా తెలియలేదు. అప్పుడు మిడ్వే దీవి నుంచి "మా మంచినీటి యంత్రం చెడిపోయింది" అని ఒక దొంగ సందేశం బాహాటంగా పంపించారు. ఏఎఫ్‌లో నీళ్ళకు కటకటగా ఉందని జపానువాళ్ళు తమ లిపిలో చెప్పుకున్నారు. గుట్టు తేలిపోయింది! 1942 జూన్ 4 ఉదయం కొద్ది నిమిషాల్లో మూడు జపాను విమానవాహక నౌకలు మంటల్లో చిక్కుకున్నాయి, సాయంత్రం నాలుగవదీ. ఆ తర్వాత జపాను ఆ నష్టం పూడ్చుకోలేకపోయింది. అమెరికా అటువంటి పెద్ద నౌకలను యుద్ధం ముగిసేలోపు డజనుకు పైగా కొత్తగా దింపింది.

అయితే నా మటుకు ఈ యుద్ధం అసలు స్వరూపం తెలిసేది గ్వాడల్‌కనాల్‌లో. ఇది సోలొమన్ దీవుల్లో ఒకటి. జపాను అక్కడ విమానాశ్రయం కడుతుంటే 1942 ఆగస్టు 7న అమెరికన్లు దిగి దాన్ని చేజిక్కించుకున్నారు. ఇక పగలు ఆకాశం అమెరికన్లది, సముద్రం కూడా వాళ్ళదే. జపాను సరుకు ఓడలు పగటిపూట దగ్గరకు రాలేవు. డిస్ట్రాయరు ఓడలు రాత్రి వచ్చి తెల్లవారేలోగా పారిపోవాలి. అవి వేగంగా పోయే ఓడలే గాని సరుకు పట్టేవి కావు.

ఇక్కడ మన చేతిలెక్క ఒకటి వేద్దాం. ముప్పైవేలమందికి మనిషికి రోజుకు అరకిలో బియ్యం చాలుననుకున్నా రోజుకు పదిహేను టన్నులు, అంటే 75 కిలోల బస్తాలు రెండువందలు. ఇది వట్టి బియ్యమే. ఉప్పు, మందులు, తూటాలు వేరే. ఆగి దింపే వీలులేక జపానువాళ్ళు ఖాళీ చమురు పీపాలను శుభ్రంచేసి, సగానికి పైగా బియ్యం నింపి, తాళ్ళతో గుదిగుచ్చి, ఒడ్డు దగ్గర సముద్రంలో వదిలి వెళ్ళేవారు. ఒడ్డున ఉన్నవాళ్ళు తాడు పట్టుకుని లాక్కోవాలి. డిసెంబరు మొదట్లో ఒక రాత్రి 1,500 పీపాలు వదిలితే ఒడ్డుకు చేరినవి మూడువందల చిల్లర. మిగతావాటిని తెల్లవారగానే విమానాలు కాల్చి ముంచేశాయి. లాగవలసినవాళ్ళకు లాగే సత్తువ కూడా లేకపోయింది మరి. 1943 ఫిబ్రవరిలో మిగిలిన పదివేల పైచిలుకు మందిని రహస్యంగా తరలించుకుపోయేనాటికి ఇరవైవేలకు మించి చనిపోయారు, అందులో ఎక్కువమంది ఆకలికీ మలేరియాకీ. జపాను సైనికులు ఆ దీవి పేరును కాస్త మార్చి "ఆకలి దీవి" అని అర్థం వచ్చేలా పిలుచుకునేవారట.

అమెరికన్ల వైపు లెక్కలు ఎప్పుడూ సరిగ్గా ఉన్నాయనుకోకూడదు. 1943 నవంబరు 20న వాళ్ళు తరావా అనే పగడపు దిబ్బ మీద దాడి చేశారు. యుద్ధం జరిగిన బెటియో దీవి మొత్తం మూడువందల ఎకరాల లోపే. దాని చుట్టూ నీటి అడుగున పగడపు అరుగు ఉంది. బోటు తేలాలంటే ఆ అరుగు మీద నాలుగడుగుల నీరన్నా ఉండాలి. పోటు వస్తుందనుకున్నారు, రాలేదు. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ, అష్టమి ప్రాంతాల్లో తక్కువ అని మన కోస్తా జాలరులకు తెలిసిన సంగతే. ఆ రోజు సరిగ్గా బహుళ అష్టమి దాపులు. పైగా చంద్రుడు తన కక్ష్యలో భూమికి బాగా దూరంగా ఉన్న రోజులు కావడంతో ఆ పోటు ఇంకా తగ్గింది. ఈ రెండవ కారణాన్ని 1987లో డొనాల్డ్ ఓల్సన్ అనే ఫిజిక్సు ప్రొఫెసరు లెక్కకట్టి చూపించాడు. బోట్లు అరుగు మీద ఆగిపోయాయి. సైనికులు ఛాతీలోతు నీళ్ళలో వందల గజాలు నడుస్తూ మెషిన్ గన్నులకు బలయ్యారు. మూడు రోజుల్లో సుమారు వెయ్యిమంది అమెరికన్లు, అవతలి పక్షాన ఇంచుమించు అందరూ పోయారు.

టార్పిడోల కథ కూడా మా ఫిజిక్సు మిత్రులు వినదగ్గదే. యుద్ధం మొదట్లో అమెరికా జలాంతర్గాముల టార్పిడోలు ఓడకు తగిలి కూడా పేలేవి కావు. 1943 జూలైలో ఒక జలాంతర్గామి నిలిచిపోయిన పెద్ద జపాను చమురు ఓడను గురిచూసి ఒక్కొక్కటే వదిలితే వరుసగా తుస్సుమన్నాయి. పరీక్షకు టార్పిడోలను క్రేనుతో ఎత్తి ఇనుప పలక మీద పడేసి చూశారు. నిటారుగా తగిలితే ఆ తాకిడికి లోపలి పిన్ను వంగిపోయి పనిచేయడం లేదు, ఏటవాలుగా తగిలితే నయం. అంటే, గురి ఎంత చక్కగా కుదిరితే టార్పిడో అంత పనికిమాలినదన్నమాట! ఆ లోపం సరిచేశాక జపాను పని అయిపోయింది. మునిగిన జపాను వ్యాపార నౌకల్లో సగానికి పైగా ఈ జలాంతర్గాముల ఖాతాలోవే. సుమత్రా చమురు జపాను చేతిలోనే ఉంది, కాని ఇంటికి చేరే దారి లేదు. చివరికి విమానాల ఇంధనం కోసం పల్లెల్లో జనాన్ని పెట్టి పైన్ చెట్ల వేళ్ళు తవ్వించారు.

మరోవైపు అమెరికన్లు ప్రతి దీవినీ పట్టుకోకుండా అవసరమైనవాటినే పట్టుకుని మిగతావాటిని వదిలేసి ముందుకు సాగారు. న్యూబ్రిటన్ దీవిలోని రబౌల్‌లో సుమారు లక్షమంది జపాను సైన్యం ఉంది. దాన్ని ముట్టడించలేదు, ఓడలు పోకుండా చేసి ఊరుకున్నారు. ఆ సైన్యాధిపతి ఇమామురా ముందుచూపు గలవాడు. అధికారులతో సహా అందరిచేతా అడవి కొట్టించి చిలగడదుంపలు, కూరగాయలు వేయించాడు. ఆ సైన్యం చాలామటుకు బతికి బయటపడింది. న్యూగినీ అడవుల్లో చిక్కినవాళ్ళకు ఆ భాగ్యం లేదు. సింగపూరులో పట్టుబడిన మన సైనికులను వేలమందిని కూలిపనికి ఈ దీవులకే తోలుకుపోయారు. వారిలో తిరిగి వచ్చినవారు తక్కువ. అటు సయిపాను, ఇవోజిమా, ఒకినావా ఒక్కొక్కటే అమెరికన్ల వశమయ్యాయి. సయిపాను ప్రాంతపు దీవుల నుంచి టోక్యో 2,400 కిలోమీటర్లు, బి-29 బాంబరు పోయి రాగల దూరం. 1945 మార్చి 9 రాత్రి ఆ విమానాలు కురిపించిన నిప్పులో టోక్యోలో దాదాపు లక్షమంది కాలిపోయారు. అదే నెలలో జపాను రేవుల చుట్టూ సముద్రంలో మందుపాతరలు జారవిడవడం మొదలైంది. ఆ పథకానికి పెట్టిన పేరే "స్టార్వేషన్", అంటే ఆకలిచావు. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. 15న చక్రవర్తి లొంగుబాటు ప్రకటన, సెప్టెంబరు 2న సంతకాలు.

ఫుజివారా అకిరా అని ఒక జపాను చరిత్రకారుడు, తానూ ఆ రోజుల్లో చైనాలో సైనికాధికారిగా పనిచేసినవాడు, 2001లో ఒక పుస్తకం ప్రకటించాడు. 1937 నుంచి చనిపోయిన 23 లక్షలమంది జపాను సైనికుల్లో దాదాపు 14 లక్షలమంది తిండిలేక, ఆ నీరసంలో జబ్బులు పట్టి చనిపోయారని ఆయన అంచనా. పెద్ద యుద్ధనౌకల గురించి, వీరత్వం గురించి అంతగా ఆలోచించిన సేనానులు ఈ బస్తాల లెక్క ఎందుకు వేయలేదు? శత్రువు సరుకు దోచుకుని తినవచ్చుననుకున్నారు. సైనికుడన్నవాడు ఆకలిని ఓర్చుకోవాలనుకున్నారు. ఇది శత్రువు చేసిన హత్య అని నాకనిపించదు. ఇక బర్మా బియ్యం రాక ఆగిపోవడం కూడా ఒక కారణమై 1943లో బెంగాలులో లక్షలాదిమంది మాడిపోయారు. వాళ్ళు ఏ సైన్యంలోనూ లేరు.

ఆ దీవుల జనం సంగతి చరిత్ర పుస్తకాల్లో మరీ తక్కువ. సోలొమన్ ప్రజలు ఎవరిమీదా యుద్ధం ప్రకటించలేదు. తోటలు పోగొట్టుకున్నారు, మూటలు మోశారు, ఊళ్ళు విడిచారు. రెండు పక్షాలూ వెళ్ళిపోయాయి గాని పేలని బాంబులు, గుళ్ళు నేలలోనే మిగిలిపోయాయి. గ్వాడల్‌కనాల్ మీద ఇప్పుడు హోనియారా అనే రాజధాని నగరం ఉంది. 2021 మే నెలలో అక్కడ కొందరు చర్చి చందాల కోసం ఆరుబయట వంట చేస్తుండగా, పొయ్యి కింద మట్టిలో ఉన్న ఆనాటి గుండు వేడికి పేలింది. ఇద్దరు చనిపోయారు.