ఆకు చూసి రోగం చెప్పడం

పెరట్లో మొక్క ఆకు కాస్త పసుపురంగుకి తిరిగితే చాలు, మనలో చాలామంది చెంబెడు నీళ్ళు ఎక్కువ పోసేస్తారు. లేదా, ఇంట్లో దోమలకని కొన్న మందే దానిమీదా కొట్టేస్తారు. ఆ కరివేపాకే మర్నాడు చారులో పడుతుంది కదమ్మా! అందుకని ముందు రోగమేదో తెలుసుకోవాలి, ఆ తరవాతే వైద్యం. ఆకుని పైనుంచి చూసి వదిలెయ్యకుండా, తిరగేసి అడుగుభాగం కూడా చూడండి.

గులాబీ ఆకుమీద అంచులు చెదిరిన నల్లటి మచ్చలు, వాటిచుట్టూ పసుపు కనిపించి ఆకు రాలిపోతుంటే అది నల్లమచ్చ తెగులు. ఇదొక రకం బూజు. ఆకు కొన్ని గంటలపాటు తడిగా ఉంటేనే మొలకెత్తుతుంది. కనక సాయంత్రాలు ఆకులమీద నీళ్ళు చల్లే అలవాటు మాని, పొద్దున్నే మొదట్లో పొయ్యండి. రాలిన ఆకుల్ని ఏరి పారెయ్యండి.

చేత్తో తుడిస్తే తెల్లటి పొడి అంటుకుంటే అది బూడిద తెగులు. గులాబీకైతే లీటరు నీళ్ళలో 3 గ్రాముల నీటిలో కలిసే గంధకం కలిపి చల్లాలి. మండుటెండలో మాత్రం చల్లకండి, ఆకు మాడిపోతుంది.

బెండ ఆకులో ఈనెలు పసుపుపచ్చటి వలలా కనిపిస్తే అది వైరస్ జబ్బు. దీనికి మందు లేదు. తెల్లదోమ దీన్ని ఒక మొక్కనించి ఇంకో మొక్కకి మోసుకుపోతుంది. మనసొప్పకపోయినా ఆ మొక్కని పీకెయ్యాల్సిందే. లేకపోతే తక్కిన బెండమొక్కలూ మనకి దక్కవు.

మిరపాకు పైకి దొన్నెలా ముడుచుకుంటే సాధారణంగా తామరపురుగు పని. అంచులు కిందికి వంగి బోర్లించినట్టుంటే నల్లి పని. రెండూ రసం పీల్చేవే. లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి, సాయంత్రంపూట ఆకుల అడుగున తడిసేలా చల్లండి. కాయలు కోసుకున్నాక బాగా కడిగి వాడుకోండి.

ఇక ఉత్త పసుపురంగు సంగతి. ముందుగా కింది ముదురాకులు పాలిపోతే చాలావరకు నత్రజని లోపం. చివికిన పశువుల ఎరువు వెయ్యండి. లేతాకులు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము చాలలేదన్నమాట. ఈ రెండూ కాక, కుండీలో మట్టి ఎప్పుడూ చిత్తడిగా ఉంటే వేళ్ళు కుళ్ళుతున్నాయేమో చూడండి. అప్పుడు మనం పోసే ఆ చెంబెడు నీళ్ళే మొక్క ప్రాణం తీస్తాయి. వేలు మట్టిలో గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే నీళ్ళు పొయ్యండి.