రాతిపొరల పటములో పుట్టిన భాష

గోదావరికి ఉత్తరమున పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు చెందిన బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరులందును, దక్షిణమున పూర్వపు కరీంనగరు జిల్లాకు చెందిన గోదావరిఖని యందును నేల క్రింద దాగిన బొగ్గు ఎచ్చట నెంత మందమున నున్నదో తెలియవలెనన్నచో, బోరు వేసి, లోతునుండి పైకి దీసిన రాతికడ్డీలను పెట్టెలలో వరుస దప్పకుండ పేర్చి, ఏ లోతున ఇసుకరాయి ముగిసెనో, ఏ లోతున బొగ్గు మొదలయ్యెనో కొలిచి, ఆ కొలతలన్నిటిని ఒక నిలువు పట్టీగా గీయుట భూగర్భశాస్త్రజ్ఞుల పద్ధతి. చూచుటకు సామాన్యమైన ఈ పటమును గీయుటలో నొక చిక్కు కలదు. బెల్లంపల్లి ప్రాంతపు పొరలకు రాస్, సాలార్‌జంగ్ అను పేర్లు వ్యవహారములో నుండగా, రామగుండము ప్రాంతపు పొరలకు సంఖ్యలే పేర్లు. ఒక అధికారికి బొగ్గు మందము తెలిసిన చాలును, మరియొకరికి పైకప్పు రాతి బలము కావలెను, ఇంకొకరికి రెండు బోరుల పటములు ప్రక్కప్రక్కన నుండవలెను. కొలతలు మారవు, వానిని చూడగోరు విధములకు మాత్రము అంతము లేదు.

ఇట్టి పటమును గీయు ప్రోగ్రామును సీ వంటి భాషలో వ్రాసినచో, కంపైలరు దానిని ముందుగానే యంత్రభాషలోనికి మార్చి బిగించును గనుక అది వేగముగాను దృఢముగాను పనిచేయును. కాని ఒక పొర పేరు మార్చవలెనన్నను, ఒక షరతు చేర్చవలెనన్నను మూలపాఠమును దిద్ది, మరల కంపైలు చేసి, పరీక్షించి, ప్రతి కార్యాలయమునకును క్రొత్త ప్రతిని పంపవలసి యుండును. రాతి నెరిగినవారికి సీ భాష రాదు. సీ భాష నెరిగినవారికి రాయి తెలియదు. ఈ ఇరువురి నడుమ నిలిచి పనిచేయుటకై పుట్టిన స్క్రిప్టు భాషలలో లువా యను దాని చరిత్ర మన బొగ్గు ప్రాంతము వారికి ప్రత్యేకముగా ఆసక్తికరము. ఏలయనగా అది జన్మించుటకు ఒక కారణము అచ్చముగా ఇట్టి రాతిపొరల పటమే.

బ్రెజిలు దేశము 1977 నుండి 1992 వరకు విదేశీ కంప్యూటర్ల మీదను, వాని ప్రోగ్రాముల మీదను కఠినమైన దిగుమతి నిర్బంధముల నుంచెను. ఆ కాలమున అచ్చటి ప్రభుత్వ చమురు సంస్థయైన పెట్రోబ్రాస్, తనకు కావలసిన పరికరములను దేశములోనే చేయించుకొనవలసినదై, రియో డి జనీరో నగరములోని కాథలిక్ విశ్వవిద్యాలయపు టెక్‌గ్రాఫ్ బృందము నాశ్రయించెను. ఆ బృందము వారు అనుకరణ ప్రోగ్రాములకు కావలసిన దత్తాంశమును నింపుటకై డెల్ అను చిన్న భాషను, రాతిపొరల పటములను ఎవరికి వలసినట్లు వారు దిద్దుకొనుటకై సోల్ అను మరియొక చిన్న భాషను కల్పించిరి. రెండును కేవలము వివరములను ప్రకటించు భాషలు: ఈ పొరకు ఈ రంగు, ఈ గడికి ఈ విలువ, అంతే. అయితే డెల్ వాడుకరులైన ఇంజనీరులు కొలదికాలమునకే ఇంతకంటె నెక్కువ కోరసాగిరి. ఈ విలువ ఇంతకు మించినచో ఆ గడిని దాచవలెను, ఈ పని గడిగడికిని జరుగవలెను అని వారడిగినప్పుడు, షరతులును ఆవృత్తులును లేని భాష చాలకపోయెను. సోల్ 1993 మార్చిలో సిద్ధమయ్యును వాడుకరుల చేతికి చేరనే లేదు.

ఆ సంవత్సరము నడుమ ఆ బృందమునకు చెందిన రొబెర్టో ఇయెరుసలింస్కీ, లూయిస్ హెన్రీక్ డి ఫిగెరేడో, వాల్దెమార్ సెలెస్ అను మువ్వురు కూడి, ఈ రెండు చిన్న భాషలకు బదులుగా నిజమైన భాష యొకటి చాలునని నిశ్చయించిరి. అప్పటికే జాన్ ఔస్టర్‌హౌట్ బర్క్‌లీలో 1988లో ప్రారంభించిన టీసీఎల్ కలదు; కాని దాని వాక్యరచన అపరిచితము, దత్తాంశ వర్ణనకు దుర్బలము, పైగా నాడది యూనిక్స్ మీదనే నడిచెడిది. లిస్ప్ కుటుంబపు కుండలీకరణముల అడవి ఇంజనీరులకు దుర్గమము. పైథాన్ ఇంకను శైశవములో నుండెను. కనుక సెలెస్ తొలి లువాను వ్రాసెను. 1993 జులై నాటికి అది పనిచేయసాగెను. పెట్రోబ్రాస్‌లోని సర్వవిధములైన యంత్రముల మీదను నడువవలెను గనుక దానిని శుద్ధమైన ప్రామాణిక సీ భాషలో నిర్మించిరి. నేటి లువా మొత్తము 30,000 పంక్తులకు అటునిటుగా నుండును. ఇంత స్వల్పపరిమాణము గల సంపూర్ణ భాషలు అరుదు.

దీని నిర్మాణములో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది, ఇది తానుగా రాజ్యమేలగోరక, వేరొక ప్రోగ్రాము లోపల గ్రంథాలయరూపమున ఒదిగియుండుట. సీ ప్రోగ్రాము లువాను పిలుచును, లువా సీలోని పనులను పిలుచును, ఇరువురి నడుమ విలువలు ఒక దొంతరమీద నుంచబడి మరల తీయబడుచుండును. కంపైలు చేయబడిన ప్రధాన ప్రోగ్రాము యజమాని. తాను ఏ పనులను బయటపెట్టునో ఆ పనులు మాత్రమే స్క్రిప్టునకు కనబడును. దత్తాంశరచన యంతయు పట్టిక యను ఒక్క రూపములో నిమిడియుండును. పేరును, విలువను జతజతగా వ్రాసిన ఆ పట్టిక కార్యాలయములో నింపు ఫారమువలె చదువుటకు సులభము. కాబట్టి ఇంజనీరు వ్రాసిన పొరల జాబితాయే ప్రోగ్రాము, ప్రోగ్రామే జాబితా.

రచయితలు 1996లో రెండు వ్యాసముల ద్వారా దీనిని ప్రపంచమునకు ఎరుకపరుపగా, లూకాస్ ఆర్ట్స్ వారు గ్రిమ్ ఫాండాంగో అను ఆటలో దీనిని వాడిరి. ఆటలనుండి వైర్‌షార్క్ వంటి జాల పరిశీలక సాధనములకును, 2012లో రెడిస్ అను దత్తాంశ భాండారమునకును ఇది చేరెను. 2013 నుండి వికీపీడియా మూసలలో ఇది ప్రవేశించుటతో తెలుగు వికీపీడియాకును వచ్చెను. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతపు ఏ గ్రామము పుటను తెరిచినను ప్రక్కన కనబడు సమాచారపెట్టె, అందలి పటముమీద గ్రామస్థానమును చూపు చుక్క వంటి వానిని రూపొందించుటలో లువాలో వ్రాసిన మాడ్యూళ్లు పనిచేయుచుండును. బ్రెజిలు చమురు బావుల కొరకు చేసిన పనిముట్టు తెలుగు పాఠకుని చేతిలో నిత్యము పనిచేయుచున్నదన్నమాట.

ఇంక పెద్ద సంస్థల లెక్కల ప్రోగ్రాములకు ఇట్టి భాష ఎట్లు తోడగునో, బొగ్గుబాయి ఉదాహరణముతోనే చూడవచ్చును. 2025 వరకు అమలులో నుండిన 1952 నాటి గనుల చట్టము ప్రకారము వేతనముతో కూడిన సెలవునకు అర్హత పొందుటకు భూమి లోపల పనిచేయువారు సంవత్సరమున 190 దినములు, ఇతరులు 240 దినములు హాజరు కావలసి యుండెను. సెలవు లోపలివారికి 15 దినములకు ఒకటి, ఇతరులకు 20 దినములకు ఒకటిగా నుండెను. ఇవి దశాబ్దములుగా నిలిచిన నియమములు. ఇట్టివానిని కంపైలు చేసిన భాగములో నుంచినను నష్టము లేదు. కాని సింగరేణి బొగ్గు సంస్థ కార్మికులకు దసరా ముందు ప్రకటింపబడు లాభవాటా అట్లు కాదు. 2021-22కు 30 శాతము, 2022-23కు 32, 2023-24కు 33. శాతము మాత్రమే మారుచున్నచో ఒక అంకెను పట్టికలో దిద్దిన చాలును, స్క్రిప్టుతో నిమిత్తము లేదు. అయితే 2024లో కాంట్రాక్టు కార్మికులకును తలకు 5,000 రూపాయలు ఇచ్చుటకు తొలిసారిగా నిర్ణయింపబడెను. ఇది అంకెలో మార్పు కాదు, నియమపు ఆకృతిలోనే మార్పు. డెల్ వాడుకరులు షరతులు కావలెనని అడిగిన నాటి అవస్థయే ఇది. హాజరు మస్టర్లను భద్రపరచుట, బ్యాంకునకు సొమ్ము పంపుట, ఎవరికెంత పోయెనో చెరపరాని విధముగా నమోదు చేయుట కంపైలు చేసిన భాగమునకే తగినవి. ఎవరికెంత రావలెనో నిర్ణయించు పది ఇరువది పంక్తులు మాత్రము స్క్రిప్టులో, వేతన విభాగమువారు చదివి అర్థము చేసికొనగల స్థలములో నుండవలెనని నా దృఢాభిప్రాయము. చదువరాని నియమమును ప్రశ్నించుట కార్మికునికిని, కార్మిక సంఘమునకును కూడ సాధ్యము కాదు.

లువాయే కావలెనన్న పట్టుదల లేదు. జావాతో నిర్మించిన సంస్థలలో, 1997లో జిమ్ హ్యూగునిన్ ప్రారంభించిన పైథాన్ రూపమగు జైథాన్ ఈ పనికి చిరకాలముగా ఉపయోగపడినది. ఐబీఎం వెబ్‌స్ఫియరును, ఒరాకిల్ వెబ్‌లాజిక్కును నిర్వహించు ఆదేశములు దానితో వ్రాయబడును.

జాగ్రత్తలు మాత్రము ఏ భాషకైనను తప్పవు. లువాకు ఫైళ్లను తాకు అధికారమును, ఆపరేటింగ్ సిస్టమును పిలుచు అధికారమును ఇయ్యకయే దానిని నడుపవచ్చును. జీతపు లెక్కకు ఆ అధికారములు అనవసరములు గనుక ఇయ్యరాదు. అంతులేని ఆవృత్తిలో పడిన స్క్రిప్టును ఇన్ని అడుగుల పిదప నిలిపివేయు ఏర్పాటు భాషలోనే కలదు. రెడిస్‌లో ఒక స్క్రిప్టు నడుచుచున్నంతసేపు ఇతరుల ఆదేశములన్నియు వేచియుండును కాబట్టి అచ్చట దీర్ఘమైన లెక్కను పెట్టినవారు కార్యాలయమంతటిని నిలిపినవారగుదురు. సొమ్ము విషయములో మరియొక సూక్ష్మము: 2015లో వెలువడిన 5.3 కూర్పు వరకు లువాలో సాధారణముగా సంఖ్యలన్నియు దశాంశబిందువు గలవే, పూర్ణాంకములకు వేరు రూపము లేదు. రూపాయలను భిన్నములతో కూడుచు పోయిన చిన్నచిన్న దోషములు ప్రోగుపడును. కనుక పైసలలో, పూర్ణాంకములుగా లెక్కించుట శ్రేయస్కరము.

క్రొత్త స్క్రిప్టును అమలులో పెట్టుటకు ముందు, గడచిన సంవత్సరపు మస్టర్లనే దానికిచ్చి, నాడు పాత ప్రోగ్రాము చెల్లించిన మొత్తములతో పేరుపేరునను పోల్చి చూడవలెను. తేడా వచ్చిన ప్రతి పేరును వేతన విభాగమువారును, ప్రోగ్రాము వ్రాసినవారును ఒక్కచోట కూర్చుండి విచారించి, దోషము స్క్రిప్టుదో పాత ప్రోగ్రాముదో తేల్చవలెను. పైసతో సహా లెక్క కుదిరిన పిమ్మట పాత పంక్తులను తొలగింపవచ్చును.