కాలేయ మార్పిడి తరువాత జలోదరము

చెడిన కాలేయమును తీసివైచి, మరణించిన దాతనుండి గాని దగ్గరి బంధువునుండి గాని గ్రహించిన కాలేయమును అమర్చుట నేడు మన ప్రాంతపు ఆసుపత్రులలోను జరుగుచున్నది. అమెరికాలో 1963లో డాక్టరు థామస్ స్టార్జల్ దీనిని తొలిసారి ప్రయత్నించి, 1967లో కృతకృత్యులైరి. మన దేశమున 1998లో మొదటి విజయము లభించినది. ఈ చికిత్స పొంది ఊరు చేరినవారి పొట్ట మరల ఉబ్బినచో, “ఆపరేషను చెడిపోయినది, ఇక మందులెందుకు?” అను మాట బయలుదేరును. ఆ మాట నమ్మి మందులు మానుట ప్రాణాంతకము. కావుననే ఈ విషయమును పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుచున్నాము.

పాత కాలేయము గట్టిపడినప్పుడు, ప్రేగులనుండి దానికి రక్తము చేర్చు సిరలో ఒత్తిడి పెరిగి కడుపులోనికి నీరు ఊరును. కాలువకు అడ్డు పడినప్పుడు గట్లు చెమర్చుట వంటిదే యిది. కొత్త కాలేయము అమర్చిన పిమ్మట ఒత్తిడి తగ్గినను, ఆ నీరు ఇంకుటకు కొన్ని వారములు పట్టవచ్చును. ఇందుకు భయపడ నక్కరలేదు. నాలుగు వారములు దాటినను తగ్గకున్నను, తగ్గి మరల వచ్చినను కారణము వెదుకవలెను. కాలేయమునుండి రక్తము వెలువడు సిర ఇరుకై యుండవచ్చును; శరీరము కొత్త అవయవమును నిరాకరించుచుండవచ్చును; నీటిలో క్రిములు చేరియుండవచ్చును; మూత్రపిండములో, గుండెయో బలహీనపడి యుండవచ్చును. రక్తపరీక్ష, స్కానింగు, సూదితో తీసిన నీటి పరీక్ష దీనిని తేల్చును. సిర ఇరుకైనచో పలువురికి మరల పొట్ట కోయకయే బుడగ సాధనముతో దానిని వెడల్పు చేయుదురు.

ఇంటిలో ముఖ్యమైనది ఉప్పు. సాధారణముగా దినమునకు 5 గ్రాములు, అనగా సుమారు ఒక చిన్న చెంచా, మించరాదు. ఊరగాయ, అప్పడము, ఎండుచేపలలోని ఉప్పుకూడ ఇందులోనిదే. ఆవకాయ లేనిదే ముద్ద దిగనివారు మనలో పెక్కుమంది. మేమును ఆ కోవలోని వారమే. అయినను తప్పదు. అంగడిలో దొరకు “సోడియము తక్కువ” ఉప్పులలో పొటాషియము ఉండును. ఈ రోగులు వాడు కొన్ని మందులతో కలిసి అది గుండెకు ముప్పు తేగలదు. కడుపులో నీరున్నదని త్రాగునీరు మాన్పించుటయు తగదు. డాక్టరు చెప్పిననే తగ్గింపవలెను. పప్పు, గ్రుడ్డు వంటి బలమైన ఆహారమును మానరాదు.

ప్రతి ఉదయము మూత్రవిసర్జన తరువాత, ఏమియు తినకమునుపు బరువు చూచి వ్రాసికొనవలెను. ఒక్క దినములో కిలో, వారములో రెండు కిలోలు పెరిగినచో ఆసుపత్రికి తెలుపవలెను. మూత్రము జారీచేయు మాత్రలను తమంతట హెచ్చింపరాదు, మూత్రపిండములు దెబ్బతినును. నొప్పి మాత్రలు, పసరు మందులు డాక్టరు నడుగక వాడరాదు. అయిదు లీటర్లకు మించి నీరు తీసినప్పుడు అల్బుమిన్ అను మందును నరములోనికి ఎక్కింతురు, ఖరీదైనదని వలదనరాదు.

కడుపునొప్పి, జ్వరము, మాట తడబాటు, మూత్రము తగ్గుట, నల్లని విరేచనము కనిపించినచో ఆనాడే ఆసుపత్రికి చేర్చవలెను. అవయవ నిరాకరణను ఆపు మందుల వలన జ్వరము స్వల్పముగానే యుండవచ్చును. గ్రామమున అట్టి రోగి యున్నచో, ఆరోగ్య ఉపకేంద్రములోని త్రాసు సరిగా పనిచేయుచున్నదో లేదో సభ్యులు చూడవలెను. రాత్రివేళ 108 వాహనము ఆ యింటివరకు రాగల బాట యున్నదా యనియు ముందుగానే విచారించి యుంచవలెను.