క్యాజువాల్టీలో సీటీ స్కాన్: కొన్ని విశేషాలు

పక్షవాతం వచ్చిన మనిషిని క్యాజువాల్టీకి తేగానే, ఇంజెక్షన్ కంటే ముందు సీటీ గదికి ఎందుకు తీసుకెళ్తారో తెలుసా? మూతి వంకరపోయింది, చెయ్యి పడిపోయింది. మెదడులో రక్తనాళం పూడిందా, చిట్లిందా? పైకి చూసి ఎంత అనుభవమున్న డాక్టరైనా కచ్చితంగా చెప్పలేరు. పూడితే గడ్డను కరిగించే మందు ఇస్తారు. చిట్లినప్పుడు అదే మందు ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. తాజాగా కారిన రక్తం స్కాన్‌లో తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఆ తేడా నిమిషాల్లో తేలుతుంది.

నాళం పూడిన తొలి గంటల్లో స్కాన్ మామూలుగానే ఉండొచ్చు. "స్కాన్‌లో ఏమీ లేదన్నారుగా, మరి ఈ ఇంజెక్షన్ ఎందుకు?" అని బంధువులు కంగారుపడతారు. రక్తస్రావం లేదని తేలడమే అక్కడ కావలసిన జవాబు. ఆ మందుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. పసరు మందుకని ఊరూరా తిప్పితే ఆ గడువు దారిలోనే అయిపోతుంది.

మనిషికి తొలి సీటీ స్కాన్ 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తీశారు. యంత్రాన్ని రూపొందించిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ ఇంజినీరు, గ్రామఫోన్ రికార్డులకు పేరుపొందిన ఈఎంఐ సంస్థ ఉద్యోగి. ఆయన తొలి ప్రయోగంలో ఒక్క బొమ్మకు కావలసిన కొలతలు తీయడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు తల మొత్తం స్కాన్ సెకన్లలో అయిపోతుంది. 1979లో ఆయనా, భౌతిక శాస్త్రవేత్త అలన్ కార్మాక్ కలిసి వైద్యంలో నోబెల్ అందుకున్నారు. ఇద్దరూ వైద్యులు కారు, ఇద్దరికీ పీహెచ్‌డీ లేదు!

సీటీ కొలమానానికి హౌన్స్‌ఫీల్డ్ పేరే పెట్టారు. అందులో నీరు 0, గాలి మైనస్ 1000.

తలకు దెబ్బ తగిలాక లేచి మాట్లాడుతున్నారంటే గండం గడిచినట్టు కాదు. 2009లో నటి నటాషా రిచర్డ్‌సన్ కెనడాలో మంచుమీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయారు. బాగానే ఉన్నానని తొలుత వచ్చిన అంబులెన్సును పంపేశారు. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరి, రెండు రోజులకు కన్నుమూశారు. ఇలాంటి రక్తస్రావాన్ని సకాలంలో పట్టేది సీటీయే.

అలాగని బొప్పి కట్టిన ప్రతి తలకూ స్కాన్ అక్కర్లేదు. ఎవరికి తీయాలో తేల్చడానికి కెనడా వైద్యులు 2001లో ఒక నియమావళి ప్రచురించారు. రెండుసార్లు, అంతకు మించి వాంతులైనా, వయసు 65 నిండినా, దెబ్బ తగిలిన రెండు గంటలకు కూడా పూర్తి తెలివి రాకపోయినా అది స్కాన్ తీయమంటుంది. స్పృహ తప్పడం, జరిగింది మరిచిపోవడం, తికమకపడటం లాంటివి ఉన్న పెద్దవారికే ఈ లెక్క. పిల్లలకు వేరే నియమాలున్నాయి. వాళ్ల ఒంటికి రేడియేషన్ ఎక్కువ చేటు. అందుకే పిల్లాణ్ణి కొన్ని గంటలు చూసి చెబుతామని డాక్టరు అంటే దాన్ని నిర్లక్ష్యమనుకోకండి, అదీ వైద్యమే. తల స్కాన్‌లో ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనకు ఏడాదికి సగటున అందేది 2.4.

కొన్ని స్కాన్‌లలో బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు ఎక్కించగానే ఒళ్లంతా వేడి పాకుతుంది, బట్టల్లో మూత్రం పడిందేమోననిపిస్తుంది. కంగారుపడక్కర్లేదు, క్షణాల్లో తగ్గిపోతుంది. ముక్కుపుడక, కమ్మలు, జడపిన్నులు తీయమనేది లోహం వల్ల బొమ్మమీద చారలు పడతాయని.

క్యాజువాల్టీకి వెళ్లేటప్పుడు మూడు సంగతులు తప్పక చెప్పండి: రోగి చివరిసారి మామూలుగా ఉన్న సమయం, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఆడవాళ్లయితే గర్భమేమైనా ఉందా.