లారీ లేదు, డ్రైవర్ లేడు: ఒంగోలు హైవే హత్యలు ఎందుకు ఆలస్యంగా బయటపడ్డాయి?

నెల్లూరు, కావలి మీదుగా ఒంగోలు వెళ్లే ఎన్‌హెచ్-16ను 2008లో ఎన్‌హెచ్-5 అనేవారు. ఆ ఏడాది ఒంగోలు చుట్టుపక్కల ఇనుము లోడుతో వెళ్తున్న లారీలు కొన్ని మాయమయ్యాయి. డ్రైవర్లు, క్లీనర్లు కూడా కనిపించలేదు. ఇలాంటప్పుడు ఎవరికైనా ముందుగా వచ్చే అనుమానం ఒక్కటే: సరుకు అమ్ముకుని పారిపోయుంటారు! శవమే దొరకనప్పుడు హత్య అన్న మాట ఎక్కడ నుంచి వస్తుంది?

మున్నా గ్యాంగ్‌గా పేరుపడ్డ ముఠాకు కలిసొచ్చింది అదే. అధికారుల్లా నటిస్తూ రాత్రిపూట లారీని ఆపి, కాగితాలు చూపించమనేవాళ్లు. డ్రైవర్, క్లీనర్ గొంతుకు తాడు బిగించి చంపి, శవాలను పాతిపెట్టేవాళ్లు. సరుకు అమ్మేసి, లారీని గోడౌన్‌లో ముక్కలు చేసి తుక్కు కింద వదిలించుకునేవాళ్లు. చనిపోయినవాళ్లలో వేరే రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు. ఇంటివాళ్లు ఒకచోట, లారీ ఓనర్ ఇంకోచోట, నేరం జరిగింది మరోచోట. దుర్గాపూర్ నుంచి కల్పాక్కం వెళ్తున్న ఇనుము లారీ రాలేదని తమిళనాడు ఓనర్ ఒకరు ఒంగోలులో ఫిర్యాదు చేశాక తీగ దొరికింది. ఏడుగురి హత్యలపై కేసులు నడిచాయి. 2021 మేలో ఒంగోలు కోర్టు 12 మందికి ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖరారు చేస్తే తప్ప ఉరిశిక్ష అమలు కాదు.

శవం దొరికిన ఇంట్లో కనీసం జనాజా నమాజ్ అయినా చదువుతారు. అసలు ఆచూకీయే లేకపోతే ఆ ఇంటి ఆడమనిషి పరిస్థితి ఏంటి? ఫిఖహ్‌లో అలాంటి భర్తను మఫ్ఖూద్ అంటారు. హనఫీల పాత మాట ప్రకారం, అతని ఈడువాళ్లంతా పోయేదాకా భార్య ఎదురుచూడాలి. ఇది మరీ కష్టమని మన ఉలమాలే నాలుగేళ్ల మాలికీ అభిప్రాయాన్ని తీసుకున్నారు. 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టంలోనూ అదే గడువు ఉంది. నాలుగేళ్లు భర్త జాడ తెలియకపోతే భార్య కోర్టుకెళ్లి నికాహ్ రద్దు కోరొచ్చు. అతని వారసులకు నోటీసు వెళ్తుంది. డిక్రీ వచ్చాక ఆరు నెలల వరకు అది అమల్లోకి రాదు. ఆలోపు అతను తిరిగొచ్చి కాపురం చేస్తానని కోర్టును ఒప్పిస్తే డిక్రీ రద్దవుతుంది.

ఆస్తి, ఇన్సూరెన్స్ లెక్క వేరు. తెలియాల్సినవాళ్లకు ఏడేళ్లుగా కబురు లేకపోతేనే మనిషి చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. మనిషి ఎప్పటి నుంచి కనిపించడం లేదో చూపడానికి మిస్సింగ్ ఎఫ్‌ఐఆర్ బాగా పనికొస్తుంది. "రేపో మాపో వస్తాడులే" అని ఫిర్యాదు ఆపుకున్న ఇళ్లలో ఆ కాగితం ఉండదు.