ఇంటి రాయి, ఊరి కోట

కోట గోడ రాళ్లను ఊడబెరికి ఇండ్లు కట్టుకొనినవాడు శత్రువు వచ్చిన దినమున ఎవరిని నిందింపగలడు? హిందూ మహాసముద్రమునందలి మాల్దీవుల రాజధాని మాలె నగరము 1987 ఏప్రిల్ మాసమున ఈ ప్రశ్న నెదుర్కొనవలసి వచ్చెను.

మాల్దీవులు పగడపు దీవులు. వాని నేలలో పెద్దభాగము సముద్రమట్టమునకు ఒక్క మీటరు ఎత్తయినను లేదు. అట్టి నేల శతాబ్దములుగా నిలిచియుండుటకు చుట్టునుగల పగడపు దిబ్బలే కారణము. నీటియడుగున పెరుగు ఆ దిబ్బలకు తగిలి అలలు తీరము చేరకమునుపే విరిగిపోవును. అనేక దేశముల తీరములందలి కొలతలను పరిశీలించి శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన ప్రకారము, అల శక్తిలో సగటున నూటికి 97 పాళ్లు పగడపు దిబ్బలే హరించుచున్నవి. దీవుల యిసుకయు చాలవరకు పగడపు చూర్ణమే. నేలను కాచునదియు, నేల నిచ్చునదియు నొక్కటియే.

ద్వీపవాసులకు వేరు రాయి లేదు. పూర్వులు పగడపు రాతిని కొలదిగా తీసి మసీదులు కట్టిరి. 1658 నాటి మాలె మసీదు నేటికిని నిలిచియున్నది. ఆ వాడుకను దిబ్బలు సహించినవి. కాని 1970 తరువాత యాత్రికుల రాకతోను, రాజధాని పెరుగుదలతోను తవ్వకము మితిమీరెను. మాలెలో దిబ్బమీదనే మన్ను పూడ్చి నేలను పెంచిరి. దక్షిణ మహాసముద్రపు తుపానులనుండి బయలుదేరిన అలలు 1987లో వచ్చునప్పటికి వానిని నిలువరించునది లేకపోయెను. పూడ్చిన నేల కోసికొనిపోయెను. నీరు నగరమున చొచ్చెను.

అటుపిమ్మట జపాను ధనసహాయముతో కాంక్రీటు దిమ్మెల గోడ కట్టిరి. 2004 సునామీనాడు ఆ గోడ నగరమునకు కీడు తగ్గించెను, దానిని తృణీకరింపరాదు. అయినను గోడ పెరుగదు. పగిలినచో బాగుచేయుటకు మరల సొమ్ము కావలెను. సజీవమైన దిబ్బ తన్ను తానే కట్టుకొనును. దాదాపు రెండువందల జనావాస దీవుల కన్నిటికిని అట్టి గోడలను ఏ ఖజానా కట్టగలదు?

పగడమును కాచుటయు సులభము కాదు. 1998లో సముద్రజలము వేడెక్కి, లోతు తక్కువైన చోట్ల పగడములు విస్తారముగా నశించెను. ఆ వేడిమి ద్వీపవాసులు పుట్టించినది కాదు. కాని తమ చేతిలోని గునపమును ఆపుట తమ వశములోనిదే.

ఇది పరుల కథ యని పాఠకులు త్రోసిపుచ్చరాదు. కృష్ణ పాయల నడుమనున్న మన దివిసీమయు ద్వీపమే. 1977 నవంబరు 19న ఉప్పెన వేలమందిని మ్రింగిన సీమ అది. అచ్చట పగడము లేదు. అలల ధాటిని తగ్గించుటకు మడ యడవులే దిక్కు. వానిని నరికి రొయ్యల చెరువు త్రవ్వువాడు ఎకరమునకు రాబడి లెక్కించుచున్నాడు. ఊరి కోటనుండి ఊడిన రాయిని లెక్కించుట లేదు. ఆ లెక్కను సముద్రుడు మరవడు.