ఇచ్చిపుచ్చుకొను నియమము: మానసిక మాపనికి తెలుగు రూపము

మేలు చేసినవారికి తిరిగి మేలు చేయవలెనను నియమము ఇంచుమించుగా లోకమంతట కలదని 1960లో అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు ఆల్విన్ గౌల్డ్నర్ ప్రతిపాదించెను. ఈ నియమము వ్యక్తి మనస్సున ఎంత నాటుకొన్నదో కొలుచుటకు పెరుజీనియు, ఆయన సహచరులును 2003లో ఒక మాపనిని ప్రకటించిరి. అందు 27 వాక్యములు కలవు. ఇచ్చిపుచ్చుకొనుటయందలి విశ్వాసము, మేలుకు మేలు, కీడుకు కీడు అను మూడు భాగములకు తొమ్మిదేసి వాక్యములు. ప్రతి వాక్యము తనకెంతవరకు వర్తించునో సమాధాత ఏడు మెట్లలో సూచించును. ఇటలీ, బ్రిటను దేశీయులపై పరీక్షింపబడిన ఈ మాపనిని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల తెలుగువారికి అనువుగా మార్చబూనినచో ఎదురగు చిక్కులను ఇచట విచారింతము.

మొదటిది మాటల చిక్కు. ప్రత్యుపకారము, ప్రతీకారము అను సంస్కృతపదములు నిఘంటువునుబట్టి సరిపోవును. కాని ప్రతీకారమను మాటలోనే నింద ఇమిడియున్నది. దానికి 'అవు'నని ఒప్పుకొనువారు అరుదు. 'బదులు' అన్యదేశ్యమైనను జనుల నాలుకపై నున్న మాట. వడ్డీలేని చిన్న అప్పు చేబదులు. నాట్లకు ఒకరి పొలమునకు పోయి, వారిని తమ పొలమునకు రప్పించుకొనుటయు బదులే. పాతమాటయైన 'ముయ్యి' ప్రతికానుకకును, ప్రతిదెబ్బకును చెల్లును. ఇట్టి పదములు నిందాస్తుతులకు దూరముగా నుండి మాపనికి ఉపకరించును.

రెండవది చదువు తెచ్చిన చిక్కు. అపకారికిని ఉపకారమే చేయవలెనను సుమతి శతక పద్యమును బడిలో వల్లించినవారు కీడుకు కీడను వాక్యములకు పద్యము నేర్పిన సమాధానమునే ఈయవచ్చును. అప్పుడు మనము కొలుచునది స్వభావమును కాదు, పాఠమును.

మూడవది 'నేను' అను మాట. మాపనిలోని కర్త వ్యక్తి. మన పల్లెలలో పెండ్లినాడు చదివించిన కట్నమును పుస్తకమున వ్రాసికొందురు. తండ్రి పుచ్చుకొన్నదానిని కొడుకు తీర్చును. ఇచట ఋణము ఇంటిది. కావున 'నేను తిరిగి ఇత్తును' అను వాక్యమునకు వచ్చెడి సమాధానము వ్యక్తిదో, ఇంటిదో తేలదు. అట్టి వాక్యములను స్నేహితులు, తోటి పనివారు మొదలగువారి సందర్భమున నిలిపి వ్రాయుట మేలు.

అనువాదమును తిరిగి మూలభాషలోనికి మార్పించి సరిచూచు పద్ధతిని 1970లో బ్రిస్లిన్ వివరించెను. అది అవసరమే, కాని చాలదు. ప్రత్యుపకారము వంటి గ్రంథస్థపదమే ఆ పరీక్షలో సులభముగా నెగ్గును. వ్యవహారమునందలి పదము తడబడును. కావున వివిధ వయస్సుల, వృత్తులవారిచేత ప్రతి వాక్యమును వారి మాటలలో చెప్పించి వినవలెను. అటుపిమ్మటనే ఎక్కువమందికి మాపని నిచ్చి, కారక విశ్లేషణచే ఆ మూడు భాగములు నిలుచునో లేదో చూడవలెను.

ఈ జాగ్రత్త లేనిచో, కీడుకు కీడను భాగమున తక్కువ అంకెలు వచ్చినంతనే ఈ ప్రాంతపు జనులు పగ నెరుగరని తేల్చెదము. అది జనుల గుణము కాక అనువాదపు దోషము కావచ్చును. మాపనిని మార్చుట మనస్తత్త్వశాస్త్రమునకు ఎంత పనియో, తెలుగు శాఖకును అంత పనియే యని మా అభిప్రాయము.